దొరసాని పెట్టె

కాజీపేటలో పొద్దుగూకాక ఎవరినైనా దొరసాని గల్లీ ఎటు అని అడిగి చూడండి. వేలు పెట్టి చూపించరు. అటు చాపిన వేలు వంకరపోతుందని భయం. గడ్డం ఎత్తి, అదీ సగమే ఎత్తి, "గటు" అంటారు. అంతే.

ఆ గల్లీకి ఒక పక్క బొగ్గు కుప్పల గోడ. ఇంకో పక్క ఎర్ర ఇటుకల బంగ్ల. తెల్లదొరలు ఇంజన్లు నడిపిన కాలంలో అది వాళ్ళ డాన్సు హాలు. బయట మన తాతలు బొగ్గు మోస్తుంటే లోపల వాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని గుండ్రంగా తిరిగేవాళ్ళు. తర్వాత దొరలు పోయారు. హాలును ఖాళీ ఫారాలు దాచే గోదాం చేశారు. దొరలు పోయి ఫారాలు మిగలడాన్నే మన దగ్గర స్వాతంత్ర్యం అంటున్నారు.

ఫారాలతో పాటు ఒక పియానో కూడా మిగిలింది. మూడు కాళ్ళది, దున్నపోతంత ఉంటుంది. గోదాం కోసం పెద్ద తలుపు తీసేసి, గోడ కట్టి, చిన్న తలుపు పెట్టారు. అంతా అయ్యాక చూస్తే పియానో బయటికి రాదు. సామాన్ల జాబితాలో పియానోకు గడి లేదు గనక దాన్ని ఇలా రాసుకున్నారు: "బల్ల, పెద్దది, నల్లది, సొరుగు లేనిది — ఒకటి."

ఆ బల్లే రాత్రిళ్ళు మోగుతుంది.

మోగడమంటే పాట కాదు. పాటైతే జనం తిట్టుకుని అటు తిరిగి పడుకునేవాళ్ళు. ముందు ఎవరో పళ్ళు కొరికినట్టు… తర్వాత గొంతులో గుడ్డ కుక్కుకుని ఏడ్చినట్టు, సన్నగా, తెగకుండా… ఆ తర్వాత చెక్క మీద చిన్న చిన్న వేళ్ళు తట్టినట్టు… గొలుసులు… చివరికి భూమి కడుపులోంచి ఒక ఉరుము.

కథ అందరికీ తెలిసిందే. షెడ్డు దొర భార్య, నలభై తొమ్మిదిలో, మూటాముల్లె సర్దుకోమంటే సర్దుకోక, ఆ పియానో ముందు కుర్చీలో కూర్చునే ప్రాణం విడిచిందట. దొర ఆమెను బొందలగడ్డలో పెట్టి ఓడెక్కాడు. ఆమె మాత్రం కుర్చీ ఖాళీ చెయ్యలేదు. కుర్చీ వదలని వాళ్ళను మనం ఇప్పుడూ చూస్తూనే ఉన్నాం గనక జనం సులభంగా నమ్మారు.

నేను నమ్మలేదు. "మూఢనమ్మకాలు నశించాలి" అని జాజుతో కాలేజీ గోడల మీద రాసిన చెయ్యి నాది. దయ్యానికి కూడా వర్గ స్వభావం ఉంటుందని, అది పేదవాడి దారికే అడ్డం వస్తుందని, జీపులో పోయేవాడిని ఏమీ అనదని అప్పుడే ఒక కరపత్రంలో రాశాను. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను.

మిగతాది రాయమల్లు కాకా నాకు చెప్పింది. ఆయన చెప్పినట్టే చెబుతాను. కోపం మాత్రం నాది.

•

రాయమల్లు ఉద్యోగం పేరు కాల్ బాయ్. అప్పటికి ఆ బాయ్‌కి నలభై ఆరేళ్ళు, మీసాలు నెరిశాయి, కూతురి పెళ్ళయింది. పని ఏమిటంటే — రాత్రి ఏ బండికి ఏ డ్రైవరో షెడ్డులో చీటీ రాసిస్తారు. కాల్ బాయ్ లాంతరు పట్టుకుని ఆ డ్రైవరు ఇంటికి పోయి, లేపి, కాల్ బుక్కులో టైము వేయించి, సంతకం తీసుకుని రావాలి. డ్రైవరు లేవకపోతే బండి కదలదు. బండి కదలకపోతే తప్పు ఇంజనుది కాదు, సిగ్నలుది కాదు. కాల్ బాయ్‌ది.

పదకొండేళ్ళుగా ఆయన టెంపరరీ. ఆ ఏడు, డెబ్బై తొమ్మిదిలో, పర్మనెంటు చేసేవాళ్ళ జాబితాలో మొదటిసారి పేరు ఎక్కింది. అదే ఏడు రెండు మెమోలు కూడా వచ్చాయి.

డ్రైవర్ల క్వార్టర్లు దొరసాని గల్లీ అవతల ఉన్నాయి. గల్లీలోంచి పోతే పది నిమిషాలు. బూడిద గుంతల మీదుగా చుట్టు తిరిగి పోతే అరగంట. రాత్రిపూట రాయమల్లు చుట్టు తిరిగే పోయేవాడు. రెండుసార్లు ఆలస్యమైంది. రెండుసార్లూ సంజాయిషీలో నిజమే రాశాడు: "బంగ్ల కాడ దయ్యం ఉన్నది గనక చుట్టు తిరిగి పోయినాను."

ఫోర్‌మన్ పాండురంగం నుంచి జవాబు వచ్చింది. ఆ కాగితం నేను కళ్ళారా చూశాను. "దయ్యము అనునది నియమావళిలో ఎచ్చటను పేర్కొనబడలేదు. కావున సదరు దయ్యము వలన కలిగిన ఆలస్యము తమ స్వంత ఆలస్యముగా పరిగణించబడినది. మూడవ పర్యాయము సస్పెన్షన్."

ఎంత శాస్త్రీయ దృక్పథం! సంతకం పెట్టిన చేతికి మాత్రం తాయెత్తు ఉంది. ఆయన జీపు ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుంటాయి. ఆ జీపు బూడిద గుంతల మీదుగానే ఇంటికి పోతుంది.

యూనియన్ వాళ్ళు ఊరుకున్నారా? ఊరుకోలేదు. గేటు మీటింగు పెట్టారు. రాత్రి కాల్ బాయ్‌లకు దయ్యం అలవెన్సు ఇవ్వాలని తీర్మానం చేశారు. కార్మికుల ఐక్యత వర్ధిల్లింది. దయ్యం కూడా వర్ధిల్లింది. మెమోలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

•

శ్రావణ మాసం. మూడు రోజులుగా ముసురు.

రాత్రి ఒంటి గంట దాటి పది నిమిషాలు. గూడ్సు బండికి పోవాల్సిన డ్రైవరు కడుపునొప్పి అని చీటీ పంపాడు. పాండురంగం రిజిస్టరు తిప్పి ఇంకో పేరు రాశాడు — వెంకట్రాజం. క్వార్టర్ల వరుసలో ఆ చివరి ఇల్లు.

"ఒకటిన్నరకు సంతకం కావాలె" అన్నాడు పాండురంగం తల ఎత్తకుండా.

"సార్, ఇరవై నిమిషాలే ఉన్నది…"

"గల్లీల నుంచి పోతె పది నిమిషాలు. నీకు పది నిమిషాలు మిగులుతయ్. చాయ తాగు."

"సార్, గల్లీల నుంచి…"

"మూడోది టైపు కొట్టి పెట్టమంటవా?"

రాయమల్లు లాంతరు తీసుకున్నాడు. బుక్కును చొక్కా లోపల పెట్టుకున్నాడు. గొంగడి కప్పుకుని గల్లీ మొదట్లో నిలబడ్డాడు.

ఎడమకు పోతే బూడిద గుంతలు… సస్పెన్షన్. ఎదురుగా పోతే దయ్యం.

"దయ్యం పట్టుకుంటె భూతవైద్యుడు ఇడిపిస్తడు బిడ్డా, మెమో పట్టుకుంటె ఎవలిడిపిస్తరు" అని అన్నాడు నాతో. అట్లా అనుకునే గల్లీలో అడుగు పెట్టాడు.

మొదటి యాభై అడుగులు ఏమీ లేదు. ముసురు. బొగ్గు వాసన. చెప్పుల కింద బురద.

తర్వాత — పళ్ళు కొరికిన శబ్దం.

రాయమల్లు ఆగిపోయాడు. శబ్దమూ ఆగింది. ఒక అడుగు వేశాడు. మళ్ళీ కొరికింది… ఈసారి పొడుగ్గా, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా.

బంగ్ల తలుపు కింద ఒక గీతలాగా వెలుతురు ఉంది. పసుపుపచ్చగా. కదులుతోంది.

కళ్ళు మూసుకుని పరుగు తీద్దామనుకున్నాడు. అప్పుడే ఏడుపు మొదలైంది. మనిషి ఏడుపుకు మధ్యలో ఊపిరి తీసుకోవడం ఉంటుంది. దీనికి లేదు. అది ఒకే ఊపిరితో సాగి… సాగి… ఇంకా సాగి… వర్షానికి దారం కట్టి లాగుతున్నట్టు…

"సమ్మక్క తల్లీ" అన్నాడు.

గొలుసులు కదిలాయి. లోపల ఎవరో నడుస్తున్నారు. చెక్క మీద — ఠక్… ఠక్… ఠక్కు ఠక్కు… అది అడుగుల చప్పుడు. అడుగులు తొందరపడుతున్నాయి. తలుపు వైపే.

ఉరుము.

పైనుంచి కాదు. కాళ్ళ కిందినుంచి. మెట్టు కదిలిందో, తానే కదిలాడో రాయమల్లుకు తెలియదు. జారి, అరుగు మెట్ల మీద పడ్డాడు. మడమ కలుక్కుమంది. లాంతరు దొర్లిపోయి ఆరిపోయింది.

లోపల ఉరుము ఇంకా మోగుతూనే ఉంది… మోగుతూ… మోగుతూ… ఉన్నట్టుండి — "థప్".

ఒక మెత్తటి చప్పుడు. పరుపు మీద చెయ్యి వేసినట్టు. దాంతో అంతా ఒక్కసారి ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. వెలుతురులో నల్లగా ఒక ఆకారం. చేతిలో… ఇనుప గోళ్ళు.

"ఎవల్రా అది?" అంది ఆకారం గుసగుసగా. తర్వాత కొంచెం వంగి చూసి, "కాల్ బాయ్ రాయమల్లా? అరె, తమ్మీ, గా బురదల కూసున్నవేంది?"

దీనమ్మ.

•

దీనమ్మ ఆ బంగ్ల ఊడ్చే మనిషి. ఆ రోజుల్లో ఆమెకు యాభై అయిదేళ్ళు. పొద్దున చీపురుతో, సాయంత్రం తాళంచెవితో అందరికీ కనిపించేది. వెనక ఒక చిన్న గదిలో ఒంటరిగా ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. ముప్పై ఏళ్ళు ఆమె కళ్ళెదురుగా తిరుగుతుంటే కాజీపేట మొత్తం ఆ శబ్దాలకు కారణం వెతికింది. దయ్యం ఉందని నమ్మడానికి వేలమంది సిద్ధంగా ఉన్నారు. ఊడ్చే మనిషి చేతిలో సంగీతం ఉందని అనుమానపడటానికి ఒక్కడు లేడు. ఇదీ మన సమాజం!

"ఎవలకు చెప్పకు తమ్మీ" అంది ముందుగా. "నా నౌకరి పోతది."

"ఏం చేస్తానవ్ అక్కా నువ్వు? పానం పోయినంత పనైంది."

ఆమె పియానో మూత ఎత్తి చూపించింది. పైన ఉండే చిన్న మూత కాదు. ఆ దున్నపోతు వీపంత పెద్ద మూత. లోపల ఇనుప చట్రానికి వందల తీగలు, ఈ చివరి నుంచి ఆ చివరికి బిగించి ఉన్నాయి.

"పడుగు లెక్క లేదా?" అంది.

ఆమె పుట్టింది కొత్తవాడలో. తల్లి జంపఖానాల కార్ఖానాలో పనిచేసేది. మగ్గం మీద నిలువు దారాలు పడుగు. అడ్డంగా పేక వేసి పంజాతో కొట్టి దగ్గరికి చేరుస్తారు. పంజా అంటే ఇనుప వేళ్ళ దువ్వెన. రాయమల్లు చూసిన ఇనుప గోళ్ళు అవే. తల్లి పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి ఆ పంజా ఒక్కటే.

ఇరవై ఏళ్ళ వయసులో దొరసాని దగ్గర ఆయాగా చేరింది. మొదటి రోజే దొరసాని ఒట్టు పెట్టించుకుంది: "దీనా, ఈ తెల్ల మెట్లు, నల్ల మెట్లు — దేన్నీ ముట్టొద్దు. నీ చేతులకు మసి ఉంటది."

"ముట్టలే తమ్మీ. గా దినం సంది ఈ దినం దాక ఒక్క మెట్టు ముట్టలే. బైబిల్ మీద ఒట్టు" అంది దీనమ్మ.

మెట్లు ముట్టొద్దన్నారు. లోపల ముట్టొద్దని ఎవరూ అనలేదు. ఎందుకంటే లోపలి దుమ్ము దులపాల్సింది దీనమ్మే. దొరలకు చట్టాలు చేయడం వచ్చు గానీ పని ఎట్లా జరుగుతుందో తెలియదు. అందుకే వాళ్ళ ప్రతి చట్టంలోనూ ఊడ్చేవాళ్ళు దూరేంత సందు ఉంటుంది.

దొరసాని పోయిన ఏడు, ఒక రాత్రి దుమ్ము దులుపుతుంటే గుడ్డ చిక్కుకుని ఒక తీగ మూలిగింది. భయపడింది. మళ్ళీ లాగింది. మళ్ళీ మూలిగింది. గుడ్డ తీసేసి జంపఖానా నూలుకు గుగ్గిలం రాసి, తీగ కిందినుంచి పోనిచ్చి, రెండు చివరలు పట్టుకుని ఇటూ అటూ లాగింది. అదీ ఆ ఊపిరి తీసుకోని ఏడుపు. తీగల సందుల్లో పట్టాల బోల్టులు, నట్లు పెట్టి మీటితే గొలుసులు. లావు తీగల మీద పంజా ఈడిస్తే పళ్ళు కొరకడం. అదే పంజాతో ఒక్కసారి మొత్తితే ఉరుము. మూలన దొరసాని ఫిడేలు ఒకటి పడి ఉంటే దాని కమాను తిరగేసి, వెంట్రుకలతో కాకుండా కర్రతో, ఫిడేలు పొట్ట మీద కొట్టింది. అవీ ఆ వేళ్ళూ, ఆ అడుగులూ.

"నేను దయ్యం చప్పుడు చేస్తలేను తమ్మీ" అంది కొంచెం చిన్నబోయి. "గది బొగ్గింజను గట్టు ఎక్కుతాంది. గది మా అమ్మ మగ్గం. గది ముసురు. మీకు సమజైతలేదు, నేనేం చెయ్య?"

"మరి గా థప్ మని ఆగింది?"

"గది దాని అలవాటు. నేను చెయ్యి దీసినంక జరంతసేపు మోగి, థప్ మని ఊకుంటది. పెట్టె గద. దానికి తెలుస్తది ఎంత చాలునో."

రాయమల్లు అప్పుడు పట్టించుకోలేదు. ఆయన చూపంతా గోడ గడియారం మీద పడింది. ఒంటి గంట ఇరవై నాలుగు. లేచి నిలబడబోయాడు. మడమ నిలవనివ్వలేదు.

"అయిపాయె అక్కా. వెంకట్రాజంను లేపాలె. ఆరు నిమిషాలల్ల. పదకొండేళ్ళ నౌకరి…" అంటూ పెద్దమనిషి ఏడ్చాడు.

"ఎవలు, డ్రైవర్ వెంకట్రాజమా?" దీనమ్మ ఆలోచించింది. "వానికి దయ్యమంటె మస్తు భయం. ఫికర్ జేయకు. నువ్వు మెల్లగ నడువు. నేను లేపుత."

ఆమె కిటికీ తలుపులు తెరిచింది. కొంగు నడుముకు చెక్కుకుంది. పియానో వంపులో నిలబడి రెండు చేతులూ లోపలికి పోనిచ్చింది.

తెలిసి కూడా తన వెంట్రుకలు లేచి నిలబడ్డాయని రాయమల్లు చెప్పాడు. ఆ రాత్రి కాజీపేట అంతకుముందు విననిది విన్నది. ఉరుము మీద ఉరుము. దాని మీద ఏడుపు. ముసురును చీల్చుకుని క్వార్టర్ల మీద పడింది. ఒక ఇంట్లో దీపం వెలిగింది. రెండో ఇంట్లో… మూడో ఇంట్లో… రాయమల్లు గోడ పట్టుకుని కుంటుకుంటూ చేరేసరికి వెంకట్రాజం ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని, చేతిలో చీపురు, నోట్లో ఆంజనేయ దండకంతో అరుగు మీద నిలబడి ఉన్నాడు.

"సంతకం పెట్టు" అన్నాడు రాయమల్లు.

"కాకా! గా గల్లీల నుంచే వచ్చినవా? ఎట్ల వచ్చినవ్?"

"నౌకరి" అన్నాడు రాయమల్లు.

ఒంటి గంట ఇరవై తొమ్మిది. సంతకం వణికింది గానీ పడింది.

•

తర్వాత మూడేళ్ళు ఒక్క మెమో రాలేదు.

చీటీ రాగానే రాయమల్లు బంగ్ల కిటికీ మీద రెండుసార్లు తట్టి, డ్రైవరు పేరు చెప్పి, బీడీ ముట్టించుకుని నింపాదిగా నడిచేవాడు. ఆయన పోయేసరికి డ్రైవరు బూట్లు వేసుకుని తయారు. పర్మనెంటు ఆర్డరు వచ్చింది. సమయపాలనకు ఒక సర్టిఫికెట్టు కూడా వచ్చింది. ఆ సభలో పాండురంగం మాట్లాడుతూ, తన మెమోల వల్లనే కార్మికుల్లో క్రమశిక్షణ పెరిగిందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. దీనమ్మ ఆ హాలు ఊడ్చింది.

ఈ కథ విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. ఇంతకన్నా ఏం కావాలి! దయ్యం లేదు. శ్రమ ఉంది. మూఢత్వం మీద శ్రామిక మహిళ విజయం! గోడపత్రికకు శీర్షిక కూడా అనుకున్నాను: "దయ్యం కాదు — దీనమ్మ!"

ఆమె రిటైరయ్యే వారం దాకా ఆగమన్నాడు రాయమల్లు. ఆగాను. ఎనభై రెండు, మార్చి. సాంకేతిక వివరాలు కూడా ఉంటే ఎవరూ ఎదురు మాట్లాడలేరని, చర్చిలో వాయించే సుందర్ రావు సారును పగటిపూట వెంట తీసుకుపోయాను. మద్రాసులో పియానో నేర్చుకున్న మనిషి.

బోల్టులు చూశాడు. గుగ్గిలం పూసిన నూలు చూశాడు. పంజా చేతిలోకి తీసుకుని దాని ఇనుప వేళ్ళు ఒక్కొక్కటే తడిమాడు.

"విదేశాలలో ఇప్పుడు ఇట్లానే చేస్తున్నారయ్యా" అన్నాడు చివరికి. "తీగల మధ్య మేకులు, రబ్బరు ముక్కలు పెట్టి, లోపల చేతులు పెట్టి వాయిస్తారు. కోట్లు తొడుక్కుని వచ్చి వింటారు. కొత్త సంగీతం అంటారు."

అక్కడ చేస్తే కొత్త సంగీతం. ఇక్కడ చేస్తే దయ్యం. ఈ వాక్యం కూడా గోడపత్రికకు రాసుకున్నాను.

"ఒకసారి వాయించమ్మా" అన్నాడు సారు.

దీనమ్మ సిగ్గుపడుతూ వంపులో నిలబడి పంజా ఈడ్చింది.

"బుడ్."

మొద్దు శబ్దం. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు. మళ్ళీ ఈడ్చింది. బుడ్.

"పగటీలి గిట్లనే మూగది సారూ" అంది దీనమ్మ. "రాత్రిపూటనే నోరు తెరుస్తది."

సుందర్ రావు సారు ముఖంలో ఏదో మారింది. లోపల చూపించాడు. ప్రతి తీగ మీదా ఒక మెత్తటి ఉన్ని ముక్క ఆని ఉంది. తీగను మోగనివ్వకుండా పట్టుకునేది అదే. ఆయన ముందు వైపుకు వచ్చి, తెల్లటి గుడ్డ పరిచిన కుర్చీలో కూర్చుని, కింద కాలితో ఏదో తొక్కాడు. లోపల ఉన్ని ముక్కలన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

"ఇప్పుడు వాయించు."

బంగ్ల అదిరింది. అదే ఉరుము. మోగుతూ… మోగుతూ…

సారు కాలు తీశాడు. థప్.

బయట షంటింగ్ ఇంజను ఒకటి అటు పోయి ఇటు వచ్చింది.

"కింద మీట తొక్కి పట్టకపోతే ఇది మోగదు" అన్నాడు సారు మెల్లగా. "నువ్వు నిలబడే చోటికి మీట అందదు. దీనమ్మా… రాత్రిపూట కాలు ఎవరు పెడతారు?"

"కాలా?" అంది దీనమ్మ. "కింద గసోంటిది ఒకటున్నదని నాకెర్కనే లేదు సారూ. నాకు మోకాళ్ళు వంగక పదేండ్లాయె, కింద తుడువనే తుడువ." సారు కూర్చున్న కుర్చీ వైపు చూసింది. తర్వాత గుసగుసగా, "సారూ… జర గా కుర్చీలకెల్లి లేవుండ్రి. గది దొరసానమ్మది" అంది.

సుందర్ రావు సారు లేచిన వేగం నేను ఎన్నడూ మరిచిపోను.

నేను వంగి చూశాను. హేతువాదిని గనక చూశాను. రెండు ఇత్తడి మీటలు. ఎడమది చిలుం పట్టి ఆకుపచ్చగా ఉంది. దాని చుట్టూ ముప్పై ఏళ్ళ దుమ్ము. కుడిది… నడుమ అరిగి, బంగారంలా మెరుస్తోంది.

"ఎలుకలు" అన్నాను.

ఎవరూ నా వైపు చూడలేదు.

•

గోడపత్రిక వేయలేదు. చర్చ జరగాలని మా హేతువాద సంఘంలో వాయిదా వేశాము. ఇంకా జరగలేదు.

దీనమ్మ పంజా సంచిలో వేసుకుని కొత్తవాడకు, చెల్లెలి ఇంటికి పోయింది. బంగ్లకు కొత్త తాళం వేశారు. దాని చెవి పాండురంగం టేబుల్ సొరుగులో, నిమ్మకాయ కింద ఉంటుంది.

నాలుగు నెలల తర్వాత, మళ్ళీ ముసురు రోజుల్లో, రాయమల్లు కాకా స్టేషను ముందు చాయ తాగుతూ కనిపించాడు. మనిషి నింపాదిగా ఉన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. దీనమ్మ లేదు, ఆ మడమ ఇప్పటికీ సరిగా పనిచెయ్యదు. మెమోలు మళ్ళీ మొదలై ఉండాలి.

"ఇప్పుడు బూడిద గుంతల నుంచే పోతున్నావా కాకా?"

"ఎందుకు? గల్లీల నుంచే పోతాన. కిటికీ కొడుత, పేరు చెప్త, పోత. నేను పోయెసరికి వెంకట్రాజం లేచి కూసుంటాండు."

"కిటికీ ఎందుకు కొడుతున్నావ్? లోపల ఎవరూ లేరు గదా."

రాయమల్లు చాయ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"దీనమ్మ వాయించినట్టే ఉంటది బిడ్డా. కాని కొత్త చెయ్యి. ఇంక సాపు రాలే. ముప్పై ఏండ్లు ఇన్నది గద, జెప్పన నేర్చుకుంటాంది." గొంతు తగ్గించాడు. "పంజా దీనమ్మ తీస్కపాయె… గోర్లతోటి వాయిస్తాంది."

"కాకా, నీకు భయం లేదా?"

"మెమో రాలే" అన్నాడు.

"అది కాదు కాకా—"

"చూడు బిడ్డా. బతికున్న దొరల కాలు పదకొండేండ్లు నా మెడ మీద ఉండె. గామె కాలు గా ఇత్తడి ముక్క మీద ఉన్నది." గ్లాసు బోర్లించి, కాల్ బుక్కు చంకలో పెట్టుకుని లేచాడు. "ఏది నయమో నువ్వు సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."